కృష్ణలో లాంచీ షికారు: ప్రాణాలకు పూచీ ఎవరిది?

అమ్రాబాద్: నల్లమల అందాలను నీటిమీదనుంచి చూడాలన్న ముచ్చట జనంలో ఏటేటా పెరుగుతున్నది. జలాశయాలు నిండుగా వున్న నెలలలో సోమశిలనుంచి శ్రీశైలానికి, నాగార్జునసాగర్‌నుంచి శ్రీశైలానికి లాంచీ యాత్రలు జరుగుతూ వస్తున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థ ఈ రెండు దారులలోనూ యాత్రలను తిరిగి ప్రారంభించింది. సోమశిల దారి 120 కిలోమీటర్ల వరకు వుంటుంది. ఇంచుమించు ఒక పగలంతా నీటిమీదనే గడుస్తుంది. శ్రీశైలం పాతాళగంగనుంచి అక్కమహాదేవి గుహలకు పోయే పడవలు వేరే వున్నాయి. చేపల వేటకు చెంచులు వాడే పుట్టిలు, తెప్పలు, ఆవలి ఒడ్డుకు జనాన్ని దాటించే నాటు పడవలు సరేసరి.

కొండల నడుమ నిశ్చలంగా కనిపించే ఈ నీరు చూపులకు ఎంత సౌమ్యమో, ప్రమాదవేళ అంత కఠినం. రెండు దరులా అడవి. ఫోను మోగని మలుపులు అనేకం. పెద్ద ఆసుపత్రి కావాలంటే అచ్చంపేటకో నాగర్‌కర్నూలుకో పరుగెత్తాలి. ఇటువంటి చోట లాంచీ ఎక్కేవారి భద్రత ఎవరి చేతిలో వున్నది? నడిపేవారి బాధ్యత ఎంత, ఎక్కేవారి బాధ్యత ఎంత? ప్రమాదం జరిగాక కాక, జరగకముందే అడగవలసిన ప్రశ్నలివి.

మరచిపోరాని మంచాలకట్ట

కొల్లాపురం ప్రాంతంవారికి మంచాలకట్ట పేరు చెబితే నేటికీ గుండె జారుతుంది. 2007 జనవరిలో శ్రీశైలం జలాశయం వెనుక నీటిలో మంచాలకట్ట, నెహ్రూనగర్ మధ్య పడవ మునిగి సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు షికారుకు వచ్చినవారు కారు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు పోవలసిన పనిమీద పడవ ఎక్కిన పల్లెజనం. జలాశయం నిండిన తర్వాత ఊళ్లు మునిగి, పాత బాటలు నీటి అడుగుకు పోయి, రోడ్డున పోవాలంటే చుట్టు తిరగవలసి వచ్చినవారికి పడవే దిక్కయింది. పడవలో చోటు లేదని తెలిసినా ఎక్కక తప్పని స్థితి అది.

సోమశిలవద్ద కృష్ణపై తీగల వంతెన నిర్మాణానికి కేంద్రం 2022 అక్టోబరులో ఆమోదం తెలిపింది. వంతెన వచ్చినా షికారు పడవలు పోవు. కనుక మంచాలకట్ట పాఠం పాతబడేది కాదు.

గోదావరి చెప్పిన పాఠాలు

తెలుగువారి నదులలో ఇటీవలి సంవత్సరాలలో జరిగిన ప్రమాదాలను వరుసగా చూస్తే ఒకే లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నంవద్ద కృష్ణా గోదావరుల పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలునుంచి వచ్చిన యాత్రికులు. ఆ పడవకు అక్కడ నడిపే అనుమతే లేదని తర్వాత తేలింది. అనుమతి లేని పడవ పట్టపగలు జనాన్ని ఎక్కించుకొని పోతుంటే అడ్డుకొన్నవారు లేకపోయారు.

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరువద్ద గోదావరిలో లాంచీ మునిగింది. గాలివాన రావడంతో లోపలికి జల్లు కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసుకొన్నారు. మునిగిన లాంచీలోనుంచి బయటపడే దారి లేక అనేకులు లోపలే చిక్కుకొని చనిపోయారు. దానికి కొద్దిరోజుల ముందే అదే నదిలో ఒక పర్యాటక పడవకు నిప్పంటుకొన్నది. అయితే పడవను వెంటనే ఒడ్డుకు చేర్చినందువలన అందులోనివారు ప్రాణాలతో బయటపడ్డారు. నడిపేవారి సమయస్ఫూర్తి ఎంత మేలు చేస్తుందో ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద జరిగిన ఘోరం పాఠకులకు గుర్తుండే వుంటుంది. గోదావరి సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరదతో పోతుండగా పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు సుడిలో చిక్కి మునిగిపోయింది. 51 మంది మరణించారు. 26 మంది బయటపడ్డారు. మృతులలో హైదరాబాదు, వరంగల్లు ప్రాంతాలవారు పలువురున్నారు. మునిగిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయింది. భోజనాల వేళ చాలామంది లైఫ్ జాకెట్లు విప్పి పక్కన పెట్టారని బయటపడినవారు అప్పట్లో చెప్పారు. బోటులో జాకెట్లు వున్నాయి, ఒంటిమీద లేవు. వరద వున్న రోజున బోటును కదలనిచ్చినవారిది మొదటి తప్పు. జాకెట్లు విప్పుతుంటే వారించకపోవడం రెండవ తప్పు.

జంతువు కనబడగానే ఒకే పక్కకు

అమ్రాబాద్ పులుల అభయారణ్యం ప్రాంతంవారు ముఖ్యంగా తెలుసుకోవలసిన ప్రమాదం ఒకటి కేరళలో జరిగింది. 2009 సెప్టెంబరు 30న పెరియార్ పులుల అభయారణ్యంలోని తేక్కడి జలాశయంలో జలకన్యక అనే రెండంతస్తుల పర్యాటక పడవ తలకిందులై 45 మంది మరణించారు. ఒడ్డున అడవి జంతువులు కనబడగానే పైఅంతస్తులోని వారందరూ ఒకే వైపుకు జరగడంతో పడవ ఒరిగిపోయిందని బయటపడినవారు తెలిపారు. పడవ నిర్మాణంలోనూ లోపమున్నట్లు విచారణలో బయటపడింది.

ఇందులోని కిటుకు పెద్ద విద్య కాదు. బరువు ఎంత పైకి పోతే పడవ అంత తేలికగా ఊగుతుంది. పైఅంతస్తులో జనం ఎక్కువై, వారందరూ ఒక్కసారిగా ఒక పక్కకు పోతే అంచు నీటిని తాకుతుంది. అంచుమీదుగా నీరు లోపలికి వచ్చిందంటే ఆ నీరు కూడా వాలిన వైపుకే పారి బరువును పెంచుతుంది. ఆ తర్వాత నిమిషాల లెక్కే. నల్లమలలో లాంచీనుంచి ఒడ్డున దుప్పులు నీరు తాగుతూ కనబడితే జనం చేసే పని కూడా అదే. పిల్లలను అంచుమీద నిలబెట్టి ఫోటోలు తీయడం, కమ్మీలమీదికి వంగి సెల్ఫీలు దిగడం, పాటల హోరులో పైఅంతస్తులో గుంపుగా ఎగరడం వినోదమనుకొంటారు. అందులోని ప్రతి గెంతూ సరంగు చేతిలోని చుక్కానిని వశం తప్పించే పనేనని గ్రహించరు.

మహానౌకలలోనూ ఇదే తంతు

పెద్ద ఓడలలో ఇటువంటివి జరగవని అనుకోనక్కరలేదు. 2012 జనవరి 13న ఇటలీ తీరాన జిలియో దీవివద్ద కోస్టా కంకార్డియా అనే విలాస నౌక బండను ఢీకొని ఒరిగిపోయింది. ఓడలో నాలుగు వేలమందికి పైగా వున్నారు. 32 మంది మరణించారు. దీవికి దగ్గరగా ఓడను పోనిచ్చిన కెప్టెన్, ప్రయాణికులందరూ దిగకముందే ఓడను విడిచిపోయినందుకు కూడా శిక్షపడి జైలుకు పోయాడు. ఆ రోజు కొత్తగా ఎక్కిన సుమారు 700 మందికి ప్రమాదవేళ ఎక్కడికి చేరాలో చూపే కసరత్తు జరగనేలేదు. ఎక్కిన 24 గంటలలోపు జరిపితే చాలునన్నది అప్పటి నిబంధన. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధనను మార్చి, ఓడ బయలుదేరేముందుగాని బయలుదేరిన వెంటనేగాని కసరత్తు జరిపితీరాలన్నారు. 2015నుంచి అది అమలులోకి వచ్చింది.

ప్రయాణికుల దుష్ప్రవర్తన మరొక బెడద. తాగి తగవులాడటం, స్త్రీలపట్ల అసభ్యంగా ప్రవర్తించడం, కమ్మీలెక్కి సముద్రంలో పడిపోవడం వంటివి పెరగడంతో అమెరికా 2010లో ప్రత్యేక చట్టమే చేసింది. కమ్మీల ఎత్తు 42 అంగుళాలకు తగ్గరాదని, గది తలుపులకు బయటి మనిషిని చూసే రంధ్రముండాలని, నేరాలను పోలీసు సంస్థకు తెలుపాలని అందులో నిర్దేశించారు. మన తీరానికి కూడా ఈ ఓడలు వస్తున్నాయి. 2022లో విశాఖపట్నానికి విలాస నౌక వచ్చినప్పుడు తెలుగువారు ఎందరో ఎక్కారు.

అయితే ఒక తేడా వున్నది. పెద్ద ఓడలో తాగి గొడవచేసేవానిని గదిలో నిలిపివుంచేందుకు, తర్వాతి రేవులో దింపివేసేందుకు భద్రతా సిబ్బంది వుంటారు. మన లాంచీలో వుండేది సరంగు, ఒకరిద్దరు సహాయకులు. వారి మాట వినేవారెందరు? డబ్బిచ్చి ఎక్కినవారిని గట్టిగా ఒక మాట అంటే పైవారికి ఫిర్యాదు పోతుందన్న జంకు వారికి వుండటం సహజం. ఆ జంకు పోగొట్టవలసినది పైవారే.

చట్టం వున్నది, అమలు కావాలి

పడవల గూర్చి చట్టాలు లేక కాదు. 1917నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ జలమార్గ నౌకల చట్టం వచ్చింది. మరపడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రం, బీమా వుండాలని అది చెబుతున్నది. యంత్రం లేని నాటు పడవల నమోదును స్థానిక సంస్థలద్వారా జరిపించే వీలు కూడా కల్పించింది.

2024 జులై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 284వ సెక్షను, భద్రతలేని పడవలో లేదా మోయలేనంత బరువుతో వున్న పడవలో కిరాయికి జనాన్ని తీసుకొనిపోవడం నేరమని స్పష్టంగా చెబుతున్నది. దీనికి ఆరు మాసాల వరకు జైలు లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. ప్రమాదం జరగకపోయినా సరే, అధిక బరువుతో పడవను నడిపి ప్రాణాలను అపాయంలో పెట్టడమే నేరం. తాగి నలుగురిలో అల్లరి చేసినవారిపై చర్యకు 355వ సెక్షను వున్నది. కనుక రేవువద్ద కేసు పెట్టేందుకు శవాలు తేలేదాకా ఆగనవసరం లేదు.

చిక్కు మరొకచోట వున్నది. 2014 తర్వాత ఇక్కడ కృష్ణకు ఈ ఒడ్డు తెలంగాణ, ఆ ఒడ్డు ఆంధ్రప్రదేశ్. నీరు నీటిపారుదల శాఖది, అడవి అటవీ శాఖది, లాంచీ పర్యాటక సంస్థది, కేసు పోలీసులది. ఇందరిది అయినప్పుడు ఎవరిదీ కాకుండా పోయే అవకాశమే ఎక్కువ.

చేయవలసినవి

కోట్ల రూపాయల ఖర్చు లేకుండానే చేయదగిన పనులు ఎన్నో వున్నాయి. ప్రతి రేవులోనూ పడవ ఎంతమందిని మోయగలదో పెద్ద తెలుగు అక్షరాలలో పడవమీదనే రాయించాలి. ఎక్కినవారి పేర్ల జాబితా ఒకటి పడవలో, మరొకటి ఒడ్డున వుండాలి. జాకెట్ కట్టుకోనిదే పడవ కదలరాదు, దిగేదాకా విప్పనివ్వరాదు. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్లు వేరుగా వుంచాలి. మూడు నిమిషాలు వెచ్చించి బయటికి పోయే దారులు చూపాలి. గాలివాన వేళ కిటికీలు బిగించరాదు. మబ్బు పట్టినా, డ్యాము గేట్లు ఎత్తినా యాత్ర రద్దు చేసి, టికెట్టు సొమ్ము మారుమాట లేకుండా తిరిగి ఇవ్వాలి. సొమ్ము పోతుందన్న భయమే చాలాసార్లు పడవను ముందుకు నెడుతుంది.

మద్యం సేవించినవారిని రేవులోనే ఆపాలి. స్త్రీలను వేధించినా, సరంగు మాట మీరినా లాంచీని దగ్గరి ఒడ్డుకు మళ్లించే అధికారం అతనికి వున్నదని టికెట్టుమీదనే అచ్చువేయాలి. శివరాత్రికి శ్రీశైలంలోను, చైత్ర పౌర్ణమికి సలేశ్వరంలోను జనం పోటెత్తే రోజులలో రేవులవద్ద రెండు రాష్ట్రాల పోలీసులు కలిసి కాపలా వుండాలి. కృష్ణ లోతుపాతులు తెలిసిన చెంచు యువకులకు రక్షణ పనిలో శిక్షణ ఇచ్చి జీతంమీద నియమిస్తే వారికి ఉపాధి, యాత్రికులకు ధైర్యం దొరుకుతాయి.

ఇక ప్రయాణికులు చేయవలసినది స్వల్పమే. పడవ నిండివుంటే తర్వాతి పడవకు ఆగాలి. జింక కనబడినా కూర్చున్నచోటనుంచే చూడాలి. పక్కవాడు తాగి తూలుతుంటే నవ్వి ఊరుకోక సరంగుకు చెప్పాలి.

వరుస ప్రమాదాల తర్వాత విచారణలు జరిగాయి, సంతాపాలు ప్రకటించారు, పరిహారాలు ఇచ్చారు. కొన్ని వారాలపాటు రేవులవద్ద తనిఖీలు ముమ్మరమై, పిదప చల్లబడటం కూడా రివాజుగా మారింది. మళ్లీ నీరు నిండి లాంచీలు కదలే నాటికైనా రెండు రాష్ట్రాల అధికారులు ఒకచోట కూర్చొని, ఏ రేవుకు ఏ అధికారి జవాబుదారీయో పేరు పేరునా ప్రకటించవలసి వున్నది. మంచాలకట్టలో పోయిన ప్రాణాలకు ఈ ప్రాంతం చెల్లించగల బాకీ అంతకంటె వేరే లేదు.