నకలు చిత్రం నేర్పే చూపు

రోలుగుంట పొలం గట్టు మీద నిలబడి కొండల వైపు చూస్తే దగ్గరి చెరకు తోట పచ్చగా, దూరాన తూర్పు కనుమలు నీలంగా కనిపిస్తాయి. కొండల మీద ఉన్నవీ పచ్చని చెట్లే. మధ్యనున్న గాలి సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టి మన కంటికి పంపడం వల్ల వాటికి ఆ రంగు వస్తుంది. ఈ సంగతి పాఠంగా చదువుకున్నవారు కూడా తొలిసారి కుంచె పడితే కొండకు ఆకుపచ్చే పూస్తారు. ఎందుకంటే మెదడు వెలుగులోని మార్పులను సర్దేసి, వస్తువు అసలు రంగేదో అదే మనకు అందిస్తుంది. బతకడానికి అది మేలు, బొమ్మ వేయడానికి అడ్డు. ఆ అడ్డు దాటాలంటే ఫ్రెంచి ఇంప్రెషనిస్టు చిత్రకారుల పల్లె దృశ్యం ఒకదాన్ని ఆయిల్ రంగుల్లో నకలు తీయడం మంచి దారి.

దీనికి గట్టి సాక్ష్యం ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్. ఇంప్రెషనిస్టు కామీ పిస్సారో 1871లో లూవెసియెన్ పల్లెను చిత్రించాడు. ఆ మరుసటి ఏడాది ప్రాంతంలో సెజాన్ ఆ చిత్రానికి నకలు తీశాడు. అంతవరకూ ముదురు రంగులు దట్టంగా పూసిన ఆయన, పిస్సారో సాంగత్యంలో తేలిక రంగులకు, చిన్న చిన్న కుంచె పూతలకు మళ్లాడు. నకలు ఒక్కటే ఆ మార్పు తెచ్చిందనలేం, కానీ అది పనిచేసే తీరు తెలిసిందే. చూసేవాడు బొమ్మను ఒక్క చూపులో దాటిపోతాడు, నకలు తీసేవాడు ప్రతి అంగుళం దగ్గరా ఆగి తేల్చుకోవాలి. పళ్లెంలో సరిగ్గా కలిపిన బూడిదరంగు కాన్వాస్ మీద నారింజ పక్కన పడగానే నీలి ఛాయ పొందుతుంది. పక్క రంగును బట్టి రంగు మారినట్టు కనిపించే ఈ ధర్మాన్ని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో గ్రంథంగా వివరించాడు. నకలు తీసే చేతికి అది అనుభవంగా అందుతుంది.

ఆయిల్ రంగే ఎందుకంటే, అది తప్పు దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. అవిసె నూనె నీటిలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి మెల్లగా గట్టి పొర అవుతుంది. అందుకు రోజులు పడతాయి. ఈలోగా పూసినదాన్ని గీకేయవచ్చు, తడి రంగులోనే మరో రంగు కలపవచ్చు. ఒక్క నియమం మరవకూడదు: కింది పూతలో నూనె తక్కువగా, పై పూతలో ఎక్కువగా ఉండాలి. లేకపోతే పైపొర ముందే గట్టిపడి, కిందిది ఇంకా కదులుతుంటే బీటలు వారుతుంది.

నకలు సొంత గొంతును చంపుతుందని కొందరి అభ్యంతరం. కానీ అజంతా చిత్రాలను శ్రద్ధగా అధ్యయనం చేసి, బొంబాయి జె.జె. స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చిన రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) తెలుగు జీవితాన్నే తనదైన శైలిలో చిత్రించాడు. ఇతరుల పని నుంచి నేర్చుకోవడం వేరు, అక్కడే ఆగిపోవడం వేరు. ఇక అసలు చిత్రం దొరకదు, అచ్చులోనూ ఫోన్లోనూ రంగులు మారిపోతాయన్న మాట నిజమే. కుంచె పూత మందం కూడా అందులో తెలియదు. కాబట్టి ఫలానా రంగును యథాతథంగా పట్టుకోవాలని తంటాలు పడకుండా, ఏది ఎక్కువ వెలుగు, ఏది తక్కువ, ఏది వెచ్చన, ఏది చల్లన అన్న పోలికలను పట్టుకోవాలి. మంచి ముద్రణలో అవి చాలావరకు నిలుస్తాయి.

అసలైన అభ్యంతరం మరొకటి: ఫ్రాన్సు వెలుగు మనది కాదు. మంచు మీద నీడ నీలంగా ఉంటుందని నకలులో నేర్చి, రోలుగుంట ఎర్రనేల మీద చెట్టు నీడకూ నీలమే పూస్తే అబద్ధమవుతుంది. రెండు చోట్లా నీడలోకి ఆకాశపు నీలికాంతే దిగుతుంది. తెల్లని మంచు దాన్ని అలాగే తిప్పి పంపుతుంది, ఎర్రమట్టి నీలాన్ని చాలావరకు మింగేస్తుంది. మిగిలేది ఊదా ఛాయ కలిసిన గోధుమరంగు. అట్టముక్కకు చిన్న చిల్లు పెట్టి ఆ నీడను ఒక్కదాన్నే చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అందుకే నకలు నుంచి తెచ్చుకోవలసింది రంగుల జాబితా కాదు, రంగును ప్రశ్నించే అలవాటు. ఆ అలవాటు పట్టాక నకలును పక్కనపెట్టి, మన చెరకు తోటనే ఎదుట నిలుపుకుని కుంచె పట్టాలి. అక్కడ పనికొచ్చిన మేరకే మనం నకలు నుంచి నేర్చుకున్నట్టు.