పగిలిన ట్యాంకుకు అతుకు

ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు ప్రాంతాన వినగడప అనే గ్రామం ఉన్నది. వానకాలంలో కట్టలేరు పొంగి దారి కట్టివేసే ఆ చోటనే, మే నెల వచ్చేసరికి బిందెడు నీటి విలువ తెలిసివస్తుంది. ఆ పరిసరాలలో ఇళ్లకప్పుల మీద నల్లని ప్లాస్టిక్ ట్యాంకులు కనిపిస్తాయి. లేత మామిడి మొక్కలకు నీరు పోయడానికి, మిరప చేలలో మందు కలపడానికి అటువంటి ట్యాంకునే ట్రాక్టరు ట్రక్కు మీద కట్టి తీసుకుపోతారు. అమెరికాలో కొందరు బండినే ఇల్లుగా చేసుకుని ఊళ్లు తిరుగుతారు. ఆ బండి అడుగున మంచినీటికి ఒకటి, వాడిన నీటికి మరొకటి ట్యాంకులు బిగించి ఉంటాయి. కప్పు మీదిదైనా, ట్రాక్టరు మీదిదైనా, ఇంటిబండి కిందిదైనా ఈ ట్యాంకులన్నిటికీ వచ్చే జబ్బు ఒక్కటే. అది పగులు.

ట్యాంకు కారగానే ఎవరికైనా తోచే ఉపాయం, బజారులో రెండు ముద్దలు కొని తెచ్చి, పిసికి, పగులు మీద అద్దడం. ఆ ఎపాక్సీ ముద్ద ఇనుప గొట్టానికి, సిమెంటు గోడకు చక్కగా అంటుకుంటుంది. ట్యాంకు మీద మాత్రం నాలుగు రోజులకే అప్పడంలా ఊడి చేతికి వస్తుంది. యజమాని ముద్దను తిడతాడు, అమ్మినవాణ్ణి తిడతాడు. పాపం, తప్పు వారిది కాదు. సంగతి ట్యాంకు చేసిన పదార్థంలో ఉన్నది.

ఈ ట్యాంకులు పాలిథిన్‌తో చేసినవి. 1933లో ఇంగ్లండులో రసాయన శాస్త్రజ్ఞులు ఎథిలీన్ వాయువును మిక్కిలి ఒత్తిడికి గురిచేసి చూస్తుండగా మైనం వంటి తెల్లని పదార్థం ఒకటి పాత్రలో మిగిలింది. అదే పాలిథిన్. మైనం వంటిది అనడం పోలిక మాత్రమే కాదు. రెండింటి కట్టడమూ ఒకటే. కర్బన పరమాణువులు గొలుసుగా చేరి, ఒక్కొక్కదానికి రెండేసి ఉదజని పరమాణువులు అంటి ఉంటాయి. మైనంలో గొలుసు పొట్టిది, పాలిథిన్‌లో వేల పరమాణువుల పొడుగు గలది. ఈ గొలుసు మీద ఎక్కడా విద్యుదావేశం కూడి ఉండదు. కాబట్టి జిగురు అణువులు పట్టుకోవడానికి కొక్కెం వంటిది ఏదీ దొరకదు. తరగతిలో దీనిని చూపవచ్చు. శుభ్రంగా తుడిచిన గాజు పలక మీద ఒక నీటిచుక్క, పాలిథిన్ ముక్క మీద మరొక చుక్క వేయండి. గాజు మీది చుక్క పరుచుకుంటుంది. పాలిథిన్ మీదిది తామరాకు మీది బొట్టులా ముడుచుకుని నిలుస్తుంది. నీటినే అంటనివ్వని తలం జిగురును ఎలా అంటనిస్తుంది?

సైకిలు ట్యూబుకు పంక్చరు వేసేవాడు ద్రావణం పూసి అతికిస్తాడు గదా, ఇక్కడ ఆ విద్య ఎందుకు పనికిరాదు? ఆ ద్రావణం రబ్బరులోకి ఇంకుతుంది గనుక అతుకు, ట్యూబు కలిసిపోతాయి. పి.వి.సి. గొట్టాల జిగురు కూడా గొట్టం అంచును కొద్దిగా కరిగించే అతికిస్తుంది. ఇంటిబండ్లలో కొన్ని ట్యాంకులు ఎ.బి.ఎస్. అనే ప్లాస్టిక్‌తో చేసినవి. ఆ ప్లాస్టిక్ రజనును ఎసిటోన్‌లో కరిగించి పూస్తే పగులు పూడిపోతుంది. పాలిథిన్‌ను మామూలు వేడిమిలో కరిగించే ద్రవం లేదు. ట్యాంకు ఏ జాతిదో తెలుసుకోవడానికి చాకుతో సన్నని పొరక గీసి నీటిలో వేయాలి. పాలిథిన్ తేలుతుంది, ఎ.బి.ఎస్., పి.వి.సి. మునుగుతాయి.

ద్రవానికి లొంగని పాలిథిన్ వేడికి లొంగుతుంది. సుమారు 125 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది కరుగుతుంది. కరిగిన రెండు అంచులు తాకితే ఇటు గొలుసులు అటు, అటు గొలుసులు ఇటు చొచ్చుకుని, చల్లారినప్పుడు చిక్కుపడి నిలుస్తాయి. పూర్వం బిందెలకు మాట్లు వేసేవారు చేసినది అతుకుడు; ఇది పగిలిన చోటును మళ్లీ పోతపోయడం వంటిది.

ఐతే పగులును పూడ్చే ముందు దానిని ఆపాలి. చాలామంది మరచేది ఇదే, అసలు ప్రాణం ఉన్నదీ ఇందులోనే. వెయ్యి లీటర్ల ట్యాంకు ఎత్తు 120 సెంటీమీటర్లు అనుకుందాం. నిండుగా ఉన్నప్పుడు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద నీటి ఒత్తిడి 120 గ్రాములు. వ్యాసార్ధం 50 సెంటీమీటర్లు, గోడ మందం అర సెంటీమీటరు అయితే గోడను చుట్టూ లాగే బలం చదరపు సెంటీమీటరుకు 12 కిలోగ్రాములు. మంచి పాలిథిన్ 150కి పైగా ఓర్చుకోగలదు. మరి ఎందుకు చీలుతుంది? పగులు కొన వాడిగా ఉంటే బలమంతా అక్కడ గుమికూడుతుంది. నౌకల రేకులలో చీలికలను గురించి 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఈ లెక్క కట్టి చూపాడు. రెండు సెంటీమీటర్ల పగులు కొన వంపు వ్యాసార్ధం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే, కొన వద్ద బలం 21 రెట్లు అవుతుంది. అంటే 12 కాస్తా 252. అదే కొనల వద్ద నాలుగు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం తొలిస్తే ఆరు రెట్లకు మించదు. కారే ట్యాంకుకు ఇంకా రెండు చిల్లులు పెట్టడం వెర్రిగా కనిపించవచ్చు. ఆ చిల్లులే దానిని కాపాడతాయి. విద్యార్థులు పాలిథిన్ సంచి ముక్కకు చిన్న గాటు పెట్టి లాగి చూడవచ్చు. తరువాత మరొక ముక్కలో గాటు కొనను గుండ్రంగా కత్తిరించి లాగితే తేడా చేతికే తెలుస్తుంది.

ఇక పని. ట్యాంకును ఖాళీ చేసి, మంచినీటితో కడిగి, బాగా ఆరనివ్వాలి. సబ్బు తగలకపోవడమే మేలు. లాగుడులో ఉన్న పాలిథిన్‌కు సబ్బు నీరు తగిలితే చీలిక మరింత త్వరగా సాగుతుంది. పగులు కొన కంటికి కనిపించినదానికంటె ముందుకు పోయి ఉంటుంది గనుక సిరా రాసి తుడిస్తే సన్నని గీత బయటపడుతుంది. ఆ కొనల వద్ద రంధ్రాలు తొలిచి, పగులు పొడుగునా లోతుగా చాలు తీయాలి. చుట్టూ వేలెడు వెడల్పున పైపొరను గీకివేయాలి. ఎండకు, ఆమ్లజనికి చెడిన ఆ పొర కరిగినా కలవదు. చాలును నింపే ముక్క కూడా పాలిథినే కావాలి. పాత బకెట్టు ముక్క నీటిలో తేలుతుంది గాని, అది తరచు పాలీప్రొపిలీన్ అనే వేరే జాతి, రెండూ కలవవు. గొట్టం బిగించేటప్పుడు ట్యాంకు నుండి కోసి పారవేసే గుండ్రని బిళ్ల ఉంటుందే, అంతకంటె తగినది లేదు. దానిని దాచుకునేవారు అరుదు.

వేడిగాలి యంత్రంతో 250–300 డిగ్రీల గాలిని చాలు మీద, ముక్క మీద ఒకేసారి పోనివ్వాలి. రెండూ నిగనిగ మెరిసినప్పుడు నొక్కాలి. ముక్క ఒక్కటే కరిగి చల్లని గోడ మీద పడితే అది అతికినట్టు కనిపించే మోసం. పొగ వస్తే మాడుతున్నదన్నమాట. సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు వలను వేడిచేసి అందులో ఇమిడ్చి, పైన మరొక పొర పోస్తే గట్టిదనం హెచ్చుతుంది. నీళ్లు చల్లి చల్లార్చకూడదు. రెండు మూడు పొరల గోడలున్న ట్యాంకులలో లోపలి పొర కూడా కలిసినదో లేదో చూసుకోవాలి.

లోపలికి దిగి పని చేయడం ప్రమాదం. గాలి ఆడని ట్యాంకులో పొగ, ఆవిరి మనిషిని పడగొడతాయి. మురుగునీటి ట్యాంకులో విషవాయువులు, మండే వాయువులు కూడా ఉండవచ్చు. పురుగుమందు కలిపిన ట్యాంకును వేడిచేయనేకూడదు. అది ఎంత కడిగినా తాగునీటికి పనికిరాదు.

పూడ్చిన ట్యాంకును పాత చోటనే, పాత తీరునే పెడితే అతుకు పక్కన మళ్లీ చీలుతుంది. రెండు రాళ్ల మీద నిలిపిన ట్యాంకుకు టన్ను బరువంతా ఆ రెండు చోట్లనే పడుతుంది. అడుగంతా ఆనే చదునైన దిమ్మె కావాలి. పాలిథిన్ ఎండకు ఇనుముకంటె పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది గనుక బిగుసుకుపోయిన ఇనుప గొట్టం మూతి వద్ద దానిని చీలుస్తుంది. ట్రాక్టరు మీద సగం నిండిన ట్యాంకు గతుకుగతుకుకూ అలలు కొడుతుంది.

చివరగా ఒక పరీక్ష ఉన్నది. నిజానికి అన్నిటికంటె ముందు చేయవలసినది అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిథిన్ గొలుసులను తెంచివేస్తాయి. వాటిని అడ్డుకోవడానికే ట్యాంకులో నూటికి రెండు మూడు పాళ్లు మసి కలుపుతారు; ఆ నలుపు అందానికి కాదు. పగులు అంచున సన్నని ముక్క కోసి వంచండి. తోలులా వంగితే పని మొదలుపెట్టవచ్చు. పుటుక్కున విరిగినా, గోటితో గీస్తే పొడి రాలినా వేడిగాలికి పెట్టే ఖర్చు దండుగ. మంచినీటి ట్యాంకయితే, విరగని భాగాన్ని కోసి పశువులకు కుడితి తొట్టిగా కొంతకాలం వాడుకోవచ్చు.