తోడబుట్టిన కోడె తెచ్చిన గొడ్డుతనం

కోడె దూడకు కవలగా పుట్టిన పెయ్య భవిష్యత్తు తల్లి కడుపులో రెండో నెలలోనే తేలిపోతుంది. రైతుకు ఆ సంగతి తెలిసేది రెండేళ్లు మేపాకే.

ఆవు ఒకే ఈతలో రెండు దూడలను వేస్తే పాడి రైతు ఇంట సంబరమే. అందులో ఒకటి పెయ్య అయితే రేపటి పాడి దక్కినట్టే అనుకుంటారు. కానీ రెండోది కోడె అయితే లెక్క తలకిందులవుతుంది. అలాంటి పెయ్యల్లో 90 శాతానికి పైగా ఎప్పటికీ చూలు కట్టవు. ఆంగ్లేయ రైతులు వీటిని ‘ఫ్రీమార్టిన్’ అని పిలిచేవారు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1779లోనే వీటి లోపలి అవయవాల్లో ఆడ, మగ లక్షణాల కలగాపులగాన్ని వర్ణించారు. కారణం తేలడానికి మాత్రం మరో 137 ఏళ్లు పట్టింది.

చూలు తొలి వారాల్లో పిండాన్ని చూసి ఆడో మగో చెప్పలేం. తేడా ఉండేది క్రోమోజోముల్లోనే. ప్రతి పిండంలోనూ రెండు జతల నాళాలుంటాయి. ఒక జత గర్భాశయంగా ఎదగగలదు, మరొకటి వీర్యనాళాలుగా మారగలదు. ఆవుల్లో సుమారు 40వ రోజుకు మగ పిండంలో వృషణాలు రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. అవి వదిలే హార్మోన్లలో ఏఎంహెచ్ అనేది గర్భాశయ నాళాలను కరిగించేస్తుంది, టెస్టోస్టెరాన్ మగ నాళాలను నిలబెడుతుంది. ఈ రెండూ లేనిచోట గర్భాశయం ఏర్పడుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేలు పిండాలపై శస్త్రచికిత్సలు చేసి ఈ సూత్రానికి పునాది వేశారు.

చిక్కంతా మాయ దగ్గరే. ఆవు కవలల్లో చాలావరకు రెండు మాయలూ అతుక్కుని రక్తనాళాలు కలిసిపోతాయి. కోడె నెత్తురుతోపాటు దాని హార్మోన్లూ పెయ్య ఒంట్లోకి చేరతాయి. ఫలితంగా పెయ్య అండాశయాలు ఎదగవు, గర్భాశయం కుంచించుకుపోతుంది. వియన్నాలో కెల్లర్, టాండ్లర్, షికాగోలో ఫ్రాంక్ లిల్లీ 1916లో ఈ గుట్టును విడివిడిగా వెల్లడించారు. మేకలు, గొర్రెల్లో కవలలు మామూలే అయినా మాయల రక్తనాళాలు ఇలా కలవడం అరుదు. అందుకే వాటిలో ఈ బెడద తక్కువ.

ఈ గొడ్డు పెయ్యల వల్ల వైద్యానికి మాత్రం మేలే జరిగింది. కవల పశువులు ఒకదాని రక్తకణాలను మరొకటి జీవితాంతం మోస్తున్నాయని అమెరికా శాస్త్రవేత్త రే ఓవెన్ 1945లో గుర్తించారు. పరాయి కణాలను శరీరం ఎలా సహించగలదన్న ప్రశ్న అక్కడ పుట్టింది. అవయవ మార్పిడికి దారి చూపిన ఆ అన్వేషణకు బర్నెట్, మెడావర్‌లకు 1960లో నోబెల్ బహుమతి దక్కింది.

రైతుకు మిగిలేది మాత్రం మేత ఖర్చే. పైకి మామూలుగానే కనిపించే పెయ్య ఎదకు వస్తుందని ఆయన ఎదురుచూస్తూనే ఉంటాడు. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి దాన్ని మాంసానికి పెంచుతారు. గోవధ నిషేధం ఉన్న మన రాష్ట్రాల్లో ఆ దారి లేదు. పాలివ్వదు, ఈనదు, అమ్ముడుపోదు. విషయం దాచి సంతలో అమ్మితే నష్టం మరో పేద రైతు నెత్తిన పడుతుంది.

ముందే తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నెల వయసు పెయ్యలో యోని మార్గం మామూలుగా 13 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఫ్రీమార్టిన్‌లో అది 5, 6 సెంటీమీటర్లకు మించదు. పశువైద్యుడు నిమిషాల్లో కొలిచి చెప్పగలరు. అనుమానం మిగిలితే నెత్తుటి చుక్కలో మగ క్రోమోజోమును వెతికే పరీక్ష ఉంది. తోడి కోడె కడుపులోనే చనిపోయి, పెయ్య ఒంటరిగా పుట్టిన సందర్భంలో ఇదే దిక్కు. దూడ పుట్టినప్పుడు ‘కోడెతో కవల’ అని రాసి పెట్టుకుని, నెల తిరక్కుండా పరీక్ష చేయిస్తే రైతుకు రెండేళ్ల మేత మిగులుతుంది.