బండి లాగకపోతే టర్బోదే తప్పా?

టర్బో కారు ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోంది, ఇంజన్ దీపం వెలిగింది. స్కానర్ పెడితే పి0237 అని చూపింది. చూడగానే "టర్బో పోయింది, మార్చాలి" అనే మెకానిక్కులు ఉన్నారు. అది చిన్న ఖర్చు కాదు.

ఆ కోడ్ చెప్పేది వేరు. బూస్ట్ సెన్సర్ నుంచి వచ్చే వోల్టేజి మరీ తక్కువగా ఉందని. ఆ లెక్కను నమ్మలేక కంప్యూటరే ఇంజన్ బలం తగ్గించేస్తుంది.

చాలా కార్లలో ఈ సెన్సర్‌కు ముఖ్యంగా మూడు తీగలు: 5 వోల్టులు తెచ్చేది, ఎర్త్, సిగ్నల్. ప్లగ్గు ఊడదీసి, కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మల్టీమీటర్‌తో కొలవాలి. ప్లగ్గు తీసినా 5 వోల్టులు రాకపోతే తీగ తెగిందో, బాడీకి తగులుతోందో, అదే సరఫరా మీదున్న ఇంకో సెన్సర్ షార్టయిందో వెతకాలి. ప్లగ్గు తీయగానే 5 వోల్టులు తిరిగొస్తే సెన్సరే లోపల షార్టయినట్టు. ఇక సిగ్నల్ తీగ. ఎలుకలు కొరికినా, ప్లగ్గులో నీళ్లు చేరినా ఇదే కోడ్ రావచ్చు. (మన దగ్గర ఎలుకలను తక్కువ అంచనా వేయకూడదు.) తీగలన్నీ బాగున్నాయని తేలాకే కొత్త సెన్సర్ కొనాలి.

పని అయ్యాక, కీ ఆన్‌లో ఇంజన్ ఆపి ఉంచి స్కానర్ చూడండి. సెన్సర్ చూపే పీడనం బయటి గాలి పీడనంతో సరిపోవాలి: విశాఖలో దాదాపు 100 కిలోపాస్కల్‌లు, హైదరాబాదులో కాస్త తక్కువ.