సూక్ష్మ విత్తనముల పెరటి సాగు: యారో, దవనము

గత సంవత్సరము స్వాతి కార్తెలో మన సంఘ సభ్యులొకరు చిన్న కాగితపు పొట్లమొకటి తెచ్చి నా చేతబెట్టిరి. పట్టణములో విత్తనముల అంగడిలో కొన్నారట. పైన పూలగుత్తి బొమ్మయు, దాని క్రింద యారో అను పేరును ఉన్నవి. విప్పి చూడగా లోన బూడిదవంటి పొడి. "అయ్యా, ఇది విత్తనమా, పొట్టా? మన పెరటిలో మొలచునా?" అని వారడిగిరి. విత్తనమే యని చెప్పితిని. మొలచునా యను ప్రశ్నకు మాత్రము ఒక్కమాటలో బదులు చెప్పుటకు వీలుకాలేదు. ఆ బదులే యీ వ్యాసము.

యారో యనునది చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు చేరిన కుటుంబములోని మొక్క. శాస్త్రజ్ఞులు దీనిని అకిల్లియా మిల్లెఫోలియమ్ అందురు. మిల్లెఫోలియమ్ అనగా వేయి ఆకులు గలది. ఆకు ఈకవలె సన్నసన్నగా చీలియుండుటచే ఆ పేరు వచ్చినది. మొదటి పేరు గ్రీకుల పురాణ వీరుడైన అకిలీసునుండి వచ్చినది. యుద్ధములో గాయపడిన సైనికులకు ఈ యాకుతో నెత్తురు కట్టునట్లు చేసెనని వారి కథ. ఐరోపాలో గడ్డిబీళ్ళలో తానై మొలచును. మనదేశమున కాశ్మీరము మొదలు కుమావూను వఱకు హిమాలయ సానువులలో గలదు. యునానీ వైద్యులు బిరంజాసిఫ్ అను పేర వాడుదురు. అయినను గర్భిణులును, చేమంతి జాతి మొక్కలు సరిపడనివారును దీనిని లోపలికి పుచ్చుకొనరాదు.

చలిదేశపు మొక్క యగుటచే ఇది కరవునకు ఓర్చునుగాని ఉక్కకు ఓర్వదు. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతముల రోహిణి కార్తె యెండలు దీనికి గండము. మదనపల్లె, పలమనేరు వైపు నేల యెత్తుగా నుండి రాత్రులు చల్లబడును గనుక అక్కడ కొంత మేలు. 1,200 మీటర్లకు మించిన ఎత్తుగల హార్స్‌లీ కొండపై ఇంకను మేలగునని నా యూహ. క్రింది పల్లములలో మాత్రము దీనిని కుండీలో చలికాలపు ముచ్చటగా పెంచవలసినదేగాని, మడి కట్టి రాబడి చూచుకొనదగిన పైరు గాదు.

అట్లని నిరాశపడ నక్కరలేదు. యారోకు దగ్గఱి చుట్టమొకటి మన యిండ్లలో తరతరములుగా మాలలలో గుచ్చబడుచున్నది. అదియే దవనము. శాస్త్రనామము ఆర్టెమీసియా పల్లెన్స్. దానివలెనే చీలిన ఆకు, దానివలెనే ఘాటైన వాసన, దానివలెనే దుమ్మువంటి విత్తనము. ఒకదానిని మొలిపింప నేర్చినవాడు రెండవదానిని మొలిపింపగలడు. మనకు అక్కఱకు వచ్చునది దవనమే గనుక దానినిగూర్చియే యెక్కువగా వ్రాయుదును.

ఈ జాతి విత్తనములు పోవుటకు కారణము సామాన్యముగా నేల గాదు, నీరు గాదు, మన చేతి యలవాటే. వేరుసెనగ, కంది విత్తు చేతికి విత్తనమును లోతున పెట్టి మన్ను కప్పుట సహజము. వేరుసెనగ గింజలో మొలకకు కావలసిన తిండి నిండుగా నుండును, రెండంగుళముల మన్నును చీల్చుకొని రాగలదు. దవనపు గింజలో అట్టి నిలువ యేది? ఒక గ్రాములో వేలకొలది గింజలుండునని తలచినచో ఒక్కొక్క గింజ బలమెంతయో తెలియును. పైగా యారో గింజకు వెలుతురు తగిలిననే మొలక చక్కగా వచ్చును. కప్పుట దానికి కీడే.

ఈ సంగతి నేను నష్టపడి నేర్చినదే. కొన్ని సంవత్సరముల క్రిందట మూడు కుటుంబములవారికి నా మాటపై దవనము వేయించితిని. నేనే దగ్గఱ నుండి నారుమడిపై అర అంగుళము ఎఱ్ఱమన్ను చల్లించితిని. మఱునాడు జల్లు పడినది, ఆ పైన ఎండ కాసినది. ఎఱ్ఱ గరపనేల స్వభావము మీకు తెలియనిది కాదు. మీది మన్ను పెచ్చు కట్టినది. ఒక మడిలో అక్కడక్కడ నాలుగు మొలకలు, తక్కిన రెండింట శూన్యము. తిరిగి వేయుదమని మఱియొక వర్తకుని యొద్ద కొన్న విత్తనము పాతది, పలుచని ఇసుక క్రిందను మొలవలేదు. చలికాలము దాటిపోయినది. ఆ యిండ్లలో ఒక ఆమె ఆ మడి రాబడితో బిడ్డకు పుస్తకములు కొనదలచినట్లు నాకు తరువాత తెలిసినది. ఆమె నన్నొక్క మాటయు అనలేదు. అందుచేతనే అది నాకు మఱపునకు రాదు.

కాబట్టి మొదటి పని విత్తన పరీక్ష. దవనపు విత్తనము ఒక ఋతువు దాటినచో మొలక శక్తిని కోల్పోవును. పోయిన వేసవిలో రాలినదే యీ చలికాలమునకు పనికివచ్చును. తడిగుడ్డపై నూరు గింజలు పఱచి, మడిచి, నీడను వారము దినములుంచి మొలకలు లెక్కపెట్టవలెను. సగమునకు తక్కువైనచో అట్టి విత్తనము గొనకుడు. ఊరక యిచ్చినను వలదు. దానితో పోవునది విత్తనపు వెల కాదు, సంవత్సరము.

ఒక సెంటు నేలకు 6 గ్రాముల మంచి విత్తనము చాలును. నారుమడికి నీరు నిలువని చోటు చూచి, జానెడెత్తు లేపి, మాగిన పశువుల యెరువును ఇసుకను కలిపి, పై పొరను జల్లెడ పట్టి చదునుచేయవలెను. విత్తనమును పలుచని గుడ్డలో మూటగట్టి 48 గంటలు తడిగా నుంచినచో మొలక తెల్లగా తలయెత్తును. అప్పుడు దానిని పదింతల సన్నని ఇసుకతో కలిపి, గాలి లేని సాయంకాలము మడిపై పలుచగా చల్లి, గింజ కనబడీ కనబడనట్లు ఇసుకను రాల్చిన చాలును. నీటిని సన్నని చిల్లుల చెంబుతోనే చల్లవలెను. బిందెతో పోసినచో గింజలన్నియు మడి మూలకు చేరును. మొదటి పదిదినములు పై పొర ఆరనీయరాదు.

మన ప్రాంతమున చిక్కొకటి గలదు. కార్తికమాసము నారుపోతకు తగినదే గాని, ఈశాన్య ఋతుపవనపు వానలును, తుపానులును అప్పుడే వచ్చును. తిరుపతి వైపు ఇది మఱింత యెక్కువ. విశాఖ కార్తెలో విత్తి, మడిపై తాటాకు పందిరిని ఎత్తుగా వేయుట మేలు. వాన లేనప్పుడు దానిని తొలగించి వెలుతురు తగులనీయవలెను. ఎల్లవేళల మూసియుంచినచో నారుకుళ్ళు తెగులు పుట్టి మొలకలు మొదట మెత్తబడి వాలిపోవును. అట్లు కనబడిన వెంటనే నీరు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్ళు తడుపవలెను. నారును ఒత్తుగా పోయకుండుట అన్నిటికంటె మంచి మందు.

యారోకు పద్ధతి యిదియే గాని తేడా రెండు విషయములలో. విత్తనమును నానబెట్టక, తడిపిన మన్నుపై చల్లి అరచేతితో అదిమి వదలవలెను. పైన ఇసుకయు వలదు. రెండవది, అది చాల యేండ్లు బ్రదుకు మొక్క. వేళ్ళు ప్రక్కలకు ప్రాకును, విత్తిన చలికాలముననే పూయునని యెదురుచూడరాదు.

ఇక దవనపు నారు ఆఱు మొదలు ఎనిమిది వారములలో బెత్తెడు కంటె కొంచెమెక్కువ పెరుగును. వానలు వెనుకబట్టిన తరువాత వరుసల నడుమ 15 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 7.5 సెంటీమీటర్లు ఉంచి నాటి, వెంటనే తడి పెట్టవలెను. పగటి తేటయెండయు తెల్లవారుజామున మంచును దీనికి ప్రాణము. విత్తిన 110 నుండి 115 దినములకు మొగ్గలు విచ్చనారంభించును. వాసన నిండుగా నుండునది అప్పుడే. ఆలసించి ఎండలు ముదిరినచో పరిమళము తగ్గును. దీని తైలమును పరిమళ ద్రవ్యములలో వాడుదురు గాని, బట్టీ పెట్టుట పెరటివారి పని గాదు.

కోత ఫాల్గుణమున వచ్చును గనుక చైత్రమాసపు దవనోత్సవములకు సరిగా అందును. తిరుమలను వైష్ణవులు పుష్పమండప మందురు. రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు అక్కడ పూదోట వేసి సేవించిన సంగతి మన జిల్లాలో బాలురకును తెలియును. కొండపై స్త్రీలు సైతము పూలు ముడువరు, పూలన్నియు స్వామివే గదా. 1980లో పునరుద్ధరింపబడిన పుష్పయాగములో పూలతోపాటు తులసి, మరువము, దవనము, బిల్వమును వాడుదురు. అయితే అది కార్తికమున జరుగును, మన దవనము అప్పటికి మొలక మాత్రమే. ఆ దినమును నమ్మి యెవరును లెక్క వేసికొనవలదు. మన సరుకు శివరాత్రి దాటిన పిమ్మట వచ్చునది. ఆ లెక్కతో ముందుగానే పూలకొట్లవారితో మాట్లాడుకొనుట మంచిది.

మడిలో ఏపుగా పెరిగిన నూరు మొక్కలను కోయక విడువుడు. ఏప్రిలు మధ్యకు గింజ ముదురును. రాలకముందే తెల్లవారుజామున కోసి, గుడ్డపై నీడను ఆరబెట్టి, దులిపి, సన్నని జల్లెడ పట్టి, తేమ తగులని సీసాలో పోసి, కోసిన తేదీ వ్రాసి అంటింపవలెను. తేదీ లేని సీసాయే మా మూడు కుటుంబములను ముంచినది. విత్తనము రెండవ యేటికి నిలువదు గనుక దాచినవానికి లాభము లేదు, పంచినవానికి నష్టము లేదు. ఇట్టి సరుకునకు సహకార సంఘము కంటె తగిన చోటు వేఱొకటి లేదని నా యభిప్రాయము. సభ్యులు తమ వాడకమునకు మించిన విత్తనమును తేదీతో సంఘమున కిచ్చినచో, ఆశ్వయుజమున మొలక పరీక్ష చేసి, కావలసిన సభ్యులకు 6 గ్రాముల పొట్లములుగా పంచవచ్చును. పరీక్ష పని నేను చేసిపెట్టెదను.

ఆ యారో పొట్లము సంగతి చెప్పవలసియున్నది. సగము నేను విత్తితిని, సగము ఆ సభ్యులు తీసికొనిపోయిరి. ఇద్దఱికిని చక్కగా మొలచినది. సంక్రాంతి నాటికి ఆకులు ఈకలవలె విప్పుకొన్నవి. మేనెలలో నావన్నియు మాడిపోయినవి. వారి యింట బావిగట్టు ప్రక్క వేపచెట్టు నీడలో నున్న కుండీలో మాత్రము రెండు పిలకలు మిగిలినవి. ఇంకను పూయలేదు.