నడుము అరుగుదలేనా? నరాల జబ్బు కూడా కావచ్చు!

ఆటోనగర్ షెడ్లలో ఏళ్ల తరబడి లారీల కింద దూరి పని చేసిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. వారిలో ఒకరు సజ్దా నుంచి లేవలేక కుర్చీ అడిగితే, "నడుము అరిగింది, వయసు కదా చాచా!" అంటాం. చాలాసార్లు అది నిజమే. కొద్దిమందిలో మాత్రం అసలు జబ్బు కాళ్లూ చేతుల నరాల్లో ఉంటుంది. దాన్ని సీఐడీపీ అంటారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి నరాల పైపొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగకు తొడుగు ఊడినట్టన్నమాట. దీనికి మందు ఉంది. అందుకే గుర్తుపట్టడం ముఖ్యమని మా మనవి.

వచ్చిన చిక్కల్లా ఎమ్మారై దగ్గరే. 2015లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఏ నొప్పీ లేని ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. కాబట్టి ఫిల్ములో అరుగుదల ఉన్నంత మాత్రాన బలహీనతకు అదే కారణమని తేలిపోదు. జబ్బు నరాల్లో ఉంటే వెన్నుకు ఆపరేషన్ చేసినా బలం రాదు. ఈలోగా నరాలు ఇంకా పాడవుతాయి.

తేడా ఎలా తెలుస్తుంది? నడుములో నరాల దారి ఇరుకైతే నడిచినప్పుడు కాళ్లు లాగుతాయి. కూర్చున్నా, రుకూలోలా ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. సీఐడీపీలో బలహీనత రెండు నెలలకు పైగా పెరుగుతూ పోతుంది. సాధారణంగా కాళ్లతోపాటు చేతులూ పట్టు తప్పుతాయి. గుండీ పెట్టుకోలేరు, పానా బిగించలేరు. కాలి చెప్పు జారినా తెలియదు. మెడలో వెన్నుపాము నొక్కుకున్నా చేతులూ కాళ్లూ బలహీనపడతాయి. అయితే అప్పుడు డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి కింద తడితే కాలు గట్టిగా ఎగురుతుంది. సీఐడీపీలో దాదాపు కదలదు.

ఆపై నర్వ్ కండక్షన్ పరీక్షలో నరాల వేగం చూస్తారు. వెన్ను నీటిలో ప్రోటీన్ పెరిగిందేమో కూడా చూస్తారు. వయసు వల్ల, షుగరు వల్ల, వెన్ను ఇరుకు వల్ల కూడా అది కొంత పెరుగుతుంది కనుక ఆ ఒక్క అంకెతో తేల్చరు. జబ్బు ఖాయమైతే స్టెరాయిడ్లు, ఐవీఐజీ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సలున్నాయి.

బలహీనత కొద్ది రోజుల్లోనే పైకి పాకినా, ఊపిరి కష్టమైనా, మలమూత్రాలపై అదుపు తప్పినా ఆ రోజే కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇకపై పెద్దలకు కుర్చీ వేద్దాం. వేస్తూ ఒక్క మాట అడుగుదాం: "చాచా, చేతుల్లో పట్టు ఎలా ఉంది?" లేదంటే న్యూరాలజిస్టుకు చూపిద్దాం.