కార్యాలయపు బ్రౌజరు - ఇంటి బ్రౌజరు

నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాలలో ఉద్యోగము చేయుచు ఆళ్లగడ్డలో కాపురముండు ఒక గుమాస్తాను ఊహింతము. అతడు పగలు కార్యాలయపు కంప్యూటరులోను, రాత్రి తన ఫోనులోను ఒకే రకపు బ్రౌజరును వాడుచు, రెంటిలోను తన సొంత ఖాతాతోనే ప్రవేశించెను. నాటినుండి ఫోనులో దాచుకొన్న బ్యాంకు పాస్‌వర్డు కార్యాలయపు కంప్యూటరునకును, కార్యాలయపు పాస్‌వర్డు పిల్లలు ఆటలాడు ఫోనునకును చేరినవి. ఇది ఎట్లు జరిగెను?

బ్రౌజరు లోకమును చూపు కిటికీ అని మనము తలంతుము. అది పద్దుల పుస్తకము కూడ. 1990లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో మొదటి బ్రౌజరును నిర్మించెను. వెబ్ పద్ధతిలో సర్వరు ఒక పుటను పంపిన వెంటనే అడిగినవారెవరో మరచిపోవును. ఈ మరపునకు విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ సంస్థలోని లూ మాంటుల్లీ 'కుకీ' అను ఉపాయమును ప్రవేశపెట్టెను. గుడి ముంగిట చెప్పులు అప్పగించినచో మనకొక బిళ్ల నిత్తురు గదా! తిరిగి వచ్చి బిళ్ల చూపిన చాలును. పేరు చెప్ప నక్కరలేదు. కుకీ అట్టి బిళ్లయే. బిళ్ల ఎవరి చేతనున్న వారికే చెప్పులు దక్కును. కావుననే ఖాతానుండి వైదొలగక లేచిపోయినచో, తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారికి మన ఖాతా తెరచియే యుండును.

ఇక పాస్‌వర్డులు ఊరు దాటుటకు కారణము 'సింక్' అను సౌకర్యము. ఒకే ఖాతాతో ప్రవేశించిన బ్రౌజర్లన్నిటిలోను అది పద్దులను ఒకటిగా ఉంచును. సొంత యంత్రముల మధ్య ఇది మేలు. సొంత యంత్రమునకును పరుల యంత్రమునకును మధ్య ఇది ప్రమాదము.

కార్యాలయపు యంత్రముపై అధికారము సంస్థదే. ఏ సైట్లు తెరువవచ్చునో, ఏ అదనపు పరికరములు చేర్చవచ్చునో, పాస్‌వర్డులు దాచవచ్చునో లేదో సంస్థ నిర్ణయింపగలదు. ఇట్టి నిర్వహణ బడులకును వచ్చినది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబుల పంపిణీని ఆరంభించినపుడు, పాఠ్యాంశములు తప్ప ఇతరములు తెరువకుండుటకై నియంత్రణ సాఫ్ట్‌వేరును వాటిలో చేర్చిరి. తాళము వేయుట తగినదే. కాని తాళము ఎందుకు వేసిరో తెలిసిన విద్యార్థియే దానిని మన్నించును.

మన గుమాస్తా చేయదగిన పనులు నాలుగు. కార్యాలయపు బ్రౌజరులో కార్యాలయపు ఖాతానే వాడవలెను. సొంత ఫోనులో కార్యాలయపు పని తప్పనిసరియైనచో దానికై వేరు ప్రొఫైలును ఏర్పరచుకొనవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలోని ఉద్యోగపు ప్రొఫైలును సంస్థ తుడిచివేసినను ఇంటి ఫోటోలు చెక్కుచెదరవు. అడుగుచున్న అనుమతులను చదువక ఏ అదనపు పరికరమును చేర్చరాదు. వానిలో కొన్ని మనము చూచు ప్రతి పుటను చదువగలవు. బ్రౌజరు కోరిన నవీకరణను వాయిదా వేయరాదు. కనుగొన్న లోపములను పూడ్చునది అదియే.

గుప్త కిటికీపై మితిమీరిన నమ్మకము కూడదు. అది యంత్రములో చరిత్రను మిగిల్చదు గాని, కార్యాలయపు నెట్‌వర్కు కంటబడకుండ మనలను దాచలేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ప్రయోగముగా చూపవచ్చును. ఒక సైటులో మామూలు కిటికీనుండి ప్రవేశించి, కిటికీని మూసి మరల తెరువుడు. సైటు సాధారణముగా మిమ్ము గుర్తించును. ఆ పనినే గుప్త కిటికీలో చేయుడు. సైటు మిమ్ము క్రొత్తవారివలె ప్రశ్నించును. బిళ్ల ఎచట నిలిచినదో, ఎచట పోయినదో విద్యార్థులనే చెప్పనిండు.